చార్లెస్ అంటే రాజా, రైతా, మోటువాడా?

ప్రశ్న

పిల్లల పేర్ల పుస్తకాల్లో 'చార్లెస్' అనే పేరుకి ఒక్కోచోట ఒక్కో అర్థం ఇస్తున్నారు. ఒకదాంట్లో 'రాజు', ఇంకోదాంట్లో 'బలవంతుడు', మరోదాంట్లో 'స్వతంత్రుడు'. ఇంగ్లీషు నిఘంటువు తీస్తే 'మోటు మనిషి' అని అర్థం వచ్చే 'చర్ల్' కూడా దీనికి చుట్టమే అంటోంది. ఏది నమ్మాలి? ఇంకొక సందేహం: తెలుగులో చార్లెస్ అని రాయాలా, ఛార్లెస్ అనా? పత్రికల్లో రెండూ కనిపిస్తున్నాయి.

విశాఖపట్నం నుంచి

'స్వతంత్రుడు' అన్నది సరైనది. కాకపోతే ఆ మాటకి ఇవాళ మనం ఇచ్చే అర్థం వేరు. పాత జర్మానిక్ భాషల్లో (ఇంగ్లీషు, జర్మన్, నార్స్‌ల కుటుంబం) 'కార్ల్' అంటే దాసుడూ కాడు, ప్రభువూ కాడు. తన నేల తాను దున్నుకునే మామూలు మనిషి. స్కాండినేవియా వాళ్ల పాత భాష నార్స్‌లోని ఒక కావ్యంలో సమాజాన్ని మూడు వంతులు చేసి చెబుతారు: త్రాల్, కార్ల్, యార్ల్. త్రాల్ అంటే బానిస, యార్ల్ అంటే దొర (ఇంగ్లీషు 'అర్ల్' బిరుదుకి తోబుట్టువు), మధ్యలో ఉన్న రైతు కార్ల్. జర్మన్లో 'కెర్ల్' అంటే ఇప్పటికీ 'మనిషి, కుర్రాడు' అనే. మంచీ లేదు, చెడూ లేదు.

'బలవంతుడు' అన్నది పేర్ల పుస్తకాల వాళ్లు కలిపిన మెరుగు. వదిలేయండి.

'రాజు' సంగతి తమాషాగా ఉంటుంది. పేరుకి రాజు అని అర్థం లేదు. రాజు అనే మాటే ఈ పేరులోంచి పుట్టింది, అదీ ఇంగ్లీషులో కాదు, స్లావిక్ భాషల్లో. ఫ్రాంకుల రాజు కార్ల్, మనం పాఠాల్లో చదువుకున్న షార్లమేన్, 768లో గద్దెనెక్కాడు. 800 డిసెంబరు 25న రోములో పోప్ మూడో లియో చేత చక్రవర్తి కిరీటం పెట్టించుకున్నాడు. 814లో ఆఖెన్‌లో పోయాడు. ఆయన రాజ్యానికి తూర్పు సరిహద్దులో ఉన్న స్లావులకి 'రాజు' అంటే ఆయనే. దాంతో ఆయన పేరే వాళ్లకి సామాన్య నామమైపోయింది: పోలిష్‌లో క్రుల్, చెక్‌లో క్రాల్, సెర్బియన్‌లో క్రాల్య్, రష్యన్‌లో కరోల్. స్లావుల దగ్గర్నుంచి హంగేరియన్లు 'కిరాయ్' అని, లిథువేనియన్లు 'కరాలియుస్' అని తీసుకున్నారు. సీజర్ అనే ఇంటిపేరు జర్మన్లో కైజర్‌గా, రష్యన్లో జార్‌గా మారడం అందరికీ తెలుసు. ఇదీ అదే దారి.

హంగేరియన్లో మూడో చార్లెస్ రాజుని 'కారోయ్ కిరాయ్' అంటారు. 'చార్లెస్ రాజు' అన్న మన వరసే. ఆ రెండు మాటల వేరూ ఒక్కటే. ఒకటి లాటిన్ 'కరోలుస్' మీదుగా వచ్చింది, రెండోది స్లావుల నోటి మీదుగా.

హైదరాబాద్ నుంచి

కార్ల్ క్రాల్ ఎలా అయిందో చెప్తే తెలుగువాళ్లకి వెంటనే అందుతుంది, ఎందుకంటే మనమూ అదే పని చేశాం. స్లావిక్ భాషల్లో అచ్చు తర్వాత ర, ల వచ్చి ఆ తర్వాత ఇంకో హల్లు ఉంటే, ర, ల ముందుకి దూకేవి. కార్ల్‌లో 'ఆర్' తిరగబడి 'రా' అయింది. రష్యన్లో అలా తిరగబడకుండా అటూ ఇటూ అచ్చు పెట్టుకున్నారు: కరోల్. ఇక మన సంగతి: తమిళంలో ఉరల్, మనకి రోలు. తమిళంలో మరం, మనకి మ్రాను (తర్వాత ర పోయి మాను). తమిళంలో ఇరండు, మనకి రెండు. నియమాలు అచ్చంగా ఒకటే అనను. మన దగ్గర మొదటి అచ్చు జరిగి ర మాట ముందుకి వచ్చింది. ర, ల నోట్లో నిలకడగా ఉండవన్న గుణం మాత్రం రెండు చోట్లా ఒకటే.

షార్లమేన్ కాలం మనకి తెలుసు కాబట్టి, ఈ మాట స్లావిక్‌లోకి వచ్చేనాటికి ఆ మార్పు ఇంకా జరుగుతూనే ఉందని భాషాశాస్త్రవేత్తలు లెక్క కడతారు. ధ్వని మార్పుకి తేదీ దొరకడం చాలా అరుదు. నాకు ఈ పేరు చరిత్ర మొత్తంలో విలువైనది ఇదే.

గుంటూరు నుంచి

మరి 'మోటువాడు' ఎక్కడిది? అది కూడా నిజమేనా?

విశాఖపట్నం నుంచి

నిజమేనండీ. కానీ అది చార్లెస్ అర్థం కాదు, చార్లెస్‌కి దాయాది మాట పడ్డ పాట్లు. పాత ఇంగ్లీషులో ఆ రైతుని 'చెయోర్ల్' అనేవారు. ఇంగ్లండులో అప్పటి వెసెక్స్ రాజ్యం చట్టాల్లో మనిషిని చంపితే కట్టాల్సిన పరిహారం హోదాని బట్టి ఉండేది: చెయోర్ల్‌కి 200 షిల్లింగులు, పెద్ద దొరకి 1200. తక్కువవాడే, కానీ లెక్కలో ఉన్న స్వతంత్రుడు. 1066లో ఫ్రాన్సు నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండుని గెలిచాక ఈ రైతుల్లో చాలామంది భూస్వామి కింద కట్టుబడి బతికే స్థితికి జారారు. మనిషి జారితే మాటా జారింది. మొదట 'పాలేరు', తర్వాత 'నాగరికత తెలియనివాడు', చివరికి 'చర్లిష్' అంటే మర్యాద లేని మొరటుతనం.

ఇందులో ఆశ్చర్యమేం లేదు. 'విలన్' అన్న మాట కూడా ఒకప్పుడు పల్లెలో ఉండే మనిషే. మనకీ ఉంది: గ్రామ్యం అంటే గ్రామానికి సంబంధించినది. పండితుల నోట అది 'అసభ్యం, రాయకూడనిది' అయింది. గిడుగు రామమూర్తి గారు వ్యావహారిక భాష కోసం పోరాడింది ఆ ముద్ర మీదే.

కడప నుంచి

ఒక చిన్న సవరణ లాంటిది. చార్లెస్‌లోని చ, చర్ల్‌లోని చ ఒక్క దారిన రాలేదు. రెండూ 'క' నుంచే వచ్చాయి గానీ వేర్వేరు ఇళ్లలో మారాయి.

చర్ల్ ఇంగ్లీషు గడ్డ మీదే మారింది. ఇ, ఎ లాంటి తాలవ్యాచ్చుల ముందు క అక్కడ చ అయింది. జర్మన్లో 'కిన్' అంటే గడ్డం, ఇంగ్లీషులో 'చిన్'. జర్మన్ 'కేజె', ఇంగ్లీషు 'చీజ్'. ఇది మనకి కొట్టిన పిండి: కన్నడ కివి, మన చెవి, కన్నడ కెఱె, మన చెఱువు, కన్నడ కెడు, మన చెడు. సరిగ్గా అదే అచ్చుల ముందు, అదే మార్పు. ఊళ్ల పేర్లలో ఇంకా బాగా కనబడుతుంది. 'చెయోర్ల్‌ల ఊరు' అన్నది ఇంగ్లండులో చార్ల్‌టన్, చోర్ల్‌టన్ అయింది. నార్స్ మాట్లాడేవాళ్లు స్థిరపడ్డ ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో అదే ఊరు కార్ల్‌టన్. వాళ్ల నోట్లో క మెత్తబడలేదు.

చార్లెస్ ఫ్రాన్సులో మారింది. అక్కడి నియమం వేరు. లాటిన్ 'క' తర్వాత 'అ' ఉన్నా చ అయిపోయింది: కత్తుస్ (పిల్లి), కారుస్ (ప్రియమైన), కరోలుస్, అన్నీ. ఆ చ ఫ్రెంచిలో పదమూడో శతాబ్దం నాటికి ష అయింది, అందుకే ఇవాళ వాళ్లు 'షార్ల్' అంటారు. ఇంగ్లీషువాళ్లు అంతకు ముందే అరువు తెచ్చుకున్నారు కనుక వాళ్ల దగ్గర చ మిగిలిపోయింది. చీఫ్, షెఫ్ రెండూ ఒకే ఫ్రెంచి మాట. ముందు తెచ్చుకున్నది చీఫ్, ఆలస్యంగా తెచ్చుకున్నది షెఫ్.

పేరు చివరి 'స్' సంగతి కూడా చెప్పాలి. అది బహువచనం కాదు. లాటిన్ కరోలుస్‌లోని 'ఉస్', అంటే ప్రథమా విభక్తి. పాత ఫ్రెంచిలో కర్తగా ఉంటే 'చార్లెస్', కర్మగా ఉంటే 'చార్లోన్'. మన డుమువుల లాంటిదే: 'రాముడు వచ్చాడు' అంటాం, 'రాముని చూశాను' అంటాం. తర్వాత ఫ్రెంచి తన విభక్తుల్ని వదులుకుంది. మామూలు నామవాచకాల్లో ఎక్కువగా కర్మరూపమే నిలిచింది. పేర్లని ఎప్పుడూ పిలుస్తూ, కర్తగా వాడుతూ ఉంటాం కాబట్టి చార్లెస్, జార్జెస్, జాక్వెస్ లాంటి వాటిలో కర్త రూపం మిగిలింది. ఫ్రెంచివాళ్లు ఆ స్ రాస్తారు, పలకరు. ఇంగ్లీషువాళ్లు జ్‌గా పలుకుతారు.

షార్లట్, నార్త్ కరోలినా నుంచి

మేం ఉండే రాష్ట్రం పేరూ ఇదే కదా. కరోలుస్‌కి స్త్రీలింగ రూపం కరోలినా. ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ 1629లో ఇచ్చిన పట్టాలో 'కరోలానా' అని పడింది, రెండో చార్లెస్ 1663లో ఇచ్చిన పట్టాలో కరోలినా అయింది. దక్షిణాన ఉన్న చార్ల్‌స్టన్ 1670లో 'చార్లెస్ టౌన్' అని మొదలైంది. మా ఊరు మాత్రం రాజుది కాదు, మూడో జార్జి భార్య షార్లట్ రాణిది. కానీ షార్లట్ కూడా షార్ల్‌కి ఫ్రెంచి స్త్రీలింగమే. ఇక్కడ ష ఉంది చూడండి, ఇంగ్లీషువాళ్లు ఆలస్యంగా తెచ్చుకున్న పేరు. కడప మిత్రులు చెప్పిన చీఫ్, షెఫ్ లెక్కే.

ఇంకొకటి. 'చెక్‌పాయింట్ చార్లీ'లో చార్లీ ఎవరని అడుగుతారు. ఎవరూ కాదు. రేడియోలో అక్షరాలు చెప్పే పద్ధతిలో ఆల్ఫా, బ్రావో తర్వాత మూడో అక్షరం చార్లీ. అది తూర్పు, పశ్చిమ బెర్లిన్ల సరిహద్దులో ఉండేది, ఆ వరసలో మూడో తనిఖీ కేంద్రం.

హైదరాబాద్ నుంచి

చార్లెస్ అనే పేరున్న ప్రసిద్ధుల గురించి చెప్పేటప్పుడు ఒక తప్పు తరచూ జరుగుతుంది. వాయువుల 'చార్లెస్ నియమం' ఎవరి పేరున ఉందో ఆయన్నీ జాబితాలో చేర్చేస్తారు. ఆయన పేరు జాక్ చార్లెస్. చార్లెస్ ఇంటిపేరు, ఫ్రెంచివాడు, 1783లో హైడ్రోజన్ బెలూన్ ఎగరేసినవాడు. ఇంటిపేర్ల పట్టికలో ఉండాలి.

ఇంగ్లండులో ఈ పేరు నార్మన్ల తర్వాత కూడా అరుదే. దాన్ని జనంలోకి తెచ్చింది స్కాట్లాండు నుంచి వచ్చిన స్టూఅర్ట్ వంశపు రాజులు. స్కాట్లాండు మేరీ రాణి కొడుకు జేమ్స్‌కి 1566 బాప్తిస్మంలో పెట్టిన పేరు 'చార్లెస్ జేమ్స్'. ఫ్రాన్సు రాజు తొమ్మిదో చార్లెస్ ధర్మపిత కాబట్టి. ఆ జేమ్స్ కొడుకే మొదటి చార్లెస్, 1649లో తల నరికించుకున్నవాడు. ఆ తర్వాతి శతాబ్దాల్లో డార్విన్ (1809–1882), డికెన్స్ (1812–1870), బాబేజ్ (1791–1871) అందరూ చార్లెస్‌లే. చాప్లిన్ అసలు పేరూ చార్లెసే, జనం చార్లీ చేసుకున్నారు. గాస్, మార్క్స్, లినేయస్‌లని కూడా కలుపుకోవచ్చు, వాళ్ల కార్ల్ ఇదే పేరు. లినేయస్ లాటిన్లో సంతకం చేసేటప్పుడు కరోలుస్ అనే రాసేవాడు.

కడప నుంచి

మన చార్లెస్‌ని వదిలేశారు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, 1798లో కలకత్తాలో పుట్టి 1884లో లండన్‌లో పోయారు. 1829లో వేమన పద్యాలు, 1840లో తెలుగు వ్యాకరణం, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు. మీ రెండో ప్రశ్నకి జవాబు కూడా ఆయన నిఘంటువులోనే ఉంది.

తెలుగులో చ రెండు రకాలు. చాప, చలి, చుట్టలో నాలుక కొన పళ్ల వెనక తగులుతుంది. ఇది దంత్య చ, ౘ. చీమ, చెట్టు, చంద్రుడులో నాలుక మధ్యభాగం అంగిలికి తగులుతుంది. ఇది తాలవ్యం. తెలుగు మాటల్లో అ, ఉ, ఒ ముందు దంత్యం, ఇ, ఎ ముందు తాలవ్యం. సంస్కృతం నుంచి వచ్చినవాటిలో ఎక్కడైనా తాలవ్యమే. బ్రౌన్ ఇంగ్లీషు అక్షరాల్లో ఈ తేడా చూపించారు. అన్నంలో పోసుకునే చారుకి 'త్స' అని రాశారు, 'అందమైన' అనే సంస్కృత చారుకి 'చ' అని. చారు, చారుమతి అని వెంటవెంటనే పలికి చూడండి, నాలుక చోటు మారడం తెలిసిపోతుంది.

చార్లెస్‌లో చ తర్వాత ఆ ఉంది. తెలుగు లెక్కన అయితే 'చారు'లా దంత్యం పలకాలి. ఇంగ్లీషు పలుకుబడి తాలవ్యం. ఆ పొరపాటు రాకుండా ఉండాలనే పత్రికలవాళ్లు ఛ పెడతారు, ఛ తర్వాత ఏ అచ్చున్నా తాలవ్యమే కాబట్టి.

హైదరాబాద్ నుంచి

ఛ పెట్టడం తప్పనను. ఛాన్స్, ఛానల్, ఛార్జీ అలాగే స్థిరపడ్డాయి.

కడప నుంచి

తప్పు కాదు, అవసరం లేదు అంటాను. చరణం, చాణక్యుడు రాసేటప్పుడు ఛ పెట్టం, అయినా ఎవరూ 'త్సాణక్యుడు' అనరు. అన్యదేశ్యం అని తెలిస్తే నాలుక దానంతటదే అంగిలికి పోతుంది. ఛ రాస్తే ఒత్తి పలకమని చెప్పినట్టు, ఆ ఒత్తు ఎవరూ పలకరు. నా ఓటు చార్లెస్‌కే. చివర జ్ పలుకు కోసం 'చార్ల్జ్' అని మాత్రం రాయకండి, తెలుగులో చదవడమే కష్టం. లెస్ అన్నది రాత చూసి వచ్చిన పలుకు, ఎన్నడో నిలబడిపోయింది.

పేరు పెట్టేవాళ్లు ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. ఏది ఎంచుకున్నా బాప్తిస్మం కాగితం నుంచి జనన ధ్రువపత్రం, బడి రిజిస్టరు దాకా ఒకే అక్షరంతో రాయించండి. కంప్యూటర్‌కి చ, ఛ రెండూ వేర్వేరు అక్షరాలు. ఒకదానితో వెతికితే రెండోది దొరకదు, అకారాది జాబితాలో కూడా రెండూ వేర్వేరు చోట్ల పడతాయి.

ప్రశ్న అడిగినవారు

అయితే పేర్ల పుస్తకంలో 'రాజు' కొట్టేసి 'స్వతంత్రుడైన రైతు' అని రాసుకుంటున్నాను. చార్లెస్, ఒత్తు లేకుండా.