సమస్య: మెరుపు పోవ బొమ్మ మెరుగు పడియె

నిర్వాహకుడు, నల్లగొండ:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. అయిదూ సూర్యగణాలే, యతి నాలుగో గణం మొదటి అక్షరానికి. ప్రాసయతి కూడా చెల్లుతుంది. విషయం: అసలు బండికి చిన్న నమూనా అయిన స్కేల్ మోడల్‌కు బ్రష్‌తో క్లియర్ వార్నిష్, అంటే రంగులేని పై పూత, పూయడం. ఎయిర్‌బ్రష్, కంప్రెసర్‌తో రంగు చిమ్మేవాళ్లు ఈ వారం గట్టు మీద కూర్చుని చూడండి. వార్నిష్ అంటేనే మెరుపు కదా, మరి మెరుపు పోతే మెరుగెట్లా? అదీ ముడి. విప్పండి.

మిర్యాలగూడ మాస్టారు:

అద్దమట్లు మెరయు నా యుద్ధ శకటమ్ము
చూచి నవ్విరెల్ల చోద్యమనుచు
మ్యాటు వార్నిషొకటి మలిపూతగా పూయ
మెరుపు పోవ బొమ్మ మెరుగు పడియె

1:35 ట్యాంకు. పెయింటు, డెకాల్స్ (నీళ్లలో తడిపి అతికించే గుర్తుల పొరలు) అన్నీ అయ్యాక గ్లాస్ (మెరిసే వార్నిష్) మీదే వదిలేస్తే ప్లాస్టిక్ ఆటబొమ్మలాగే ఉంది. అందుకే ఈ పద్యం.

నిర్వాహకుడు:
మాస్టారూ, బోణీ బాగుంది. "మెరయు నా" దగ్గర స్వరయతి, "మ్యాటు, మలి" దగ్గర హల్లు యతి, రెండూ నిక్కచ్చిగా ఉన్నాయి. "మలిపూత" అన్న మాట నాకు బాగా నచ్చింది, మ్యాట్ (మెరవని వార్నిష్) చోటు చివరే మరి. డెకాల్స్, వాష్ (సందుల్లోకి పారించే పల్చటి రంగు) అన్నీ అయిపోయాకే దాని వంతు. పద్యంలో పట్టని మాట ఒకటి కొత్తవాళ్ల కోసం చెప్తాను. మ్యాట్ వార్నిష్‌లో మెరుపును చంపేది సన్నని సిలికా పొడి. అది సీసా అడుగున పేరుకుంటుంది. పైపైన ముంచి పూస్తే సగం మెరుస్తుంది. అడుక్కొచ్చాక పూస్తే చక్రాల సందుల్లో తెల్లగా పిండి రాలినట్టు కనిపిస్తుంది. పుల్లతో అడుగు దాకా నిదానంగా కలపాలి. సీసాను పట్టుకుని ఊపితే బుడగలొస్తాయి, అవి బ్రష్ ఎక్కి మోడల్ మీదికి దిగుతాయి.

వనపర్తి అక్క:
మాస్టారూ, సందుల్లో తేలిన ఆ తెలుపు మీద పల్చగా గ్లాస్ ఒక పూత వేసి చూడండి, చాలాసార్లు మాయమవుతుంది. ఆరాక మళ్లీ మ్యాట్ వేసుకోవచ్చు. ఇక నా పూరణ. మోడల్ మిగ్-21, 1:72. మన వాయుసేనలో 1963లో చేరి 2025 సెప్టెంబరు 26న సెలవు తీసుకున్న విమానం కదా, గుర్తుగా చేసుకున్నా.

గరుకు పూత మీద గాలి చిక్కిన వేళ
వెండి తళుకు డెకలు వెనుక నిలిచె
నునుపు పూత వేసి నొక్కి యంటించగా
మెరుపు పోవ బొమ్మ మెరుగు పడియె

నిర్వాహకుడు:
అక్కా, ఇది అసలైన విరుపు! అందరూ మ్యాట్ వైపు పోతే మీరు గ్లాస్ పూసి మెరుపు పోగొట్టారు. డెకాల్ అతికించే చోటు గరుకుగా ఉంటే ఆ గుంటల్లో గాలి చిక్కుతుంది. పైనున్న పారదర్శకమైన పొర చుట్టూ వెండిరేకులా మెరుస్తుంది, రెక్క మీది త్రివర్ణ వలయం స్టిక్కరని దూరం నుంచే తెలిసిపోతుంది. అడుగున గ్లాస్ పూత నున్నగా ఉంటే గాలికి చోటుండదు. డెకాల్‌ను మెత్తబరిచే సెట్టింగ్ ద్రవం కూడా తోడైతే ప్యానెల్ గీతల్లోకి సైతం దిగి కూర్చుంటుంది. "డెకాల్"ను ఛందస్సు కోసం "డెకలు" చేశారు, పోనిద్దాం. "నొక్కి" అన్నారు కానీ వేలితో నొక్కితే పొర జారిపోతుంది. తడిపిన ఇయర్ బడ్‌తో నడిమి నుంచి అంచుకు దొర్లించడమని అర్థం చేసుకుంటున్నా.

కొత్త కుంచె, సూర్యాపేట:
అందరికీ నమస్కారం. మొదటిసారి రాస్తున్నా, తప్పులుంటే చెప్పండి.

గీత లేవి యైన కుంచెతో దిద్దుచు
ఆరుచున్న పూత నద్ది యద్ది
పదియు సార్లు రుద్ది పట్టు వీడక యున్న
మెరుపు పోవ బొమ్మ మెరుగు పడియె

మిర్యాలగూడ మాస్టారు:
తమ్మీ, గణాలన్నీ కుదిరాయి, సంతోషం. మొదటి పాదంలో యతి తప్పింది. "గీ"కీ "కుం"కీ హల్లు మైత్రి ఉంది, అచ్చు కలవదు. "గీత లేవి యైన కెలికి దిద్దుచునుండ" అంటే సరిపోతుంది.

నిర్వాహకుడు:
యతి సరే, విషయంలోనే పెద్ద చిక్కుంది తమ్ముడూ. ఆరుచున్న పూతను అద్ది అద్ది రుద్దితే మెరుపు పోతుందన్నది నిజమే. మెరుగు పడటమే కల్ల. నీళ్లతో కలిసే అక్రిలిక్ వార్నిష్‌లో నీరు ఆవిరయ్యే కొద్దీ లోపలి రెసిన్ రేణువులు ఒకదానికొకటి అంటుకుని పొర కడతాయి. కొద్ది నిమిషాలకే పైన మీగడ కట్టినట్టవుతుంది, దాని మీద మళ్లీ బ్రష్ పెడితే చిరుగుతుంది. మనమంతా తిట్టుకునే బ్రష్ గీతలు చాలావరకు అక్కడే పుడతాయి. తడిగా ఉన్నప్పుడు వదిలేస్తే చిన్న గీతలను పూతే సర్దుకుంటుంది.

కాబట్టి అర అంగుళం వెడల్పున్న మెత్తని ఫ్లాట్ బ్రష్ తీసుకో. ముంచాక సీసా అంచున ఒత్తి బరువు తగ్గించు. రెక్క మొదలు నుంచి కొస దాకా ఒకే ఈడ్పు, పక్కది దాన్ని కాస్త తాకుతూ రావాలి. మూలల్లో గుమిగూడితే తడి ఆరకముందే పొడి బ్రష్‌తో పీల్చెయ్. చోటు మిగిలిపోయిందనిపిస్తే చెయ్యి కట్టుకో! రెండో పూత ఉంది కదా. మొదటిది పూర్తిగా ఆరాక అడ్డంగా వేస్తే మిగిలినవి కప్పుకుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర మధ్యాహ్నం ఈ పని పెట్టుకోవద్దు, బ్రష్ మీదే ఆరిపోతుంది. తెల్లవారుజామున ఫ్యాన్ ఆపేసి కూర్చోవాలి. ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ ఒక చుక్క కలిపితే ఇంకాస్త గడువు దొరుకుతుంది.

పద్యాన్ని పారేయకు. చివర ప్రశ్నార్థకం పెట్టు. "మెరుగు పడియె?" అని కాకువుతో, అంటే ప్రశ్న వేసినట్టు గొంతు మార్చి, చదివితే పూరణ దర్జాగా నిలబడుతుంది.

కొత్త కుంచె, సూర్యాపేట:
పెట్టేశాను సార్. మా మారుతి జిప్సీ మోడల్ బానెట్ కూడా ఇదే ప్రశ్న అడుగుతోంది.

తుంగభద్ర తీరం, అలంపురం:

ముసురు పట్టు వేళ మూత తీసితి గాని
పూత తెల్లబారె పొగను బోలి
వాన వెలిసి నింగి వన్నె మారగ పూయ
మెరుపు పోవ బొమ్మ మెరుగు పడియె

మెరుపంటే ఆకాశంలోది. ఇది లాకర్ క్లియర్, నీళ్లతో కాక ఘాటైన ద్రావకంతో ఉండే వార్నిష్.

వనపర్తి అక్క:
శ్లేష భలే! లాకర్ ద్రావకం గబగబా ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడుతుంది, గాలిలో తేమ దాని మీద చేరి పొగమంచు పట్టినట్టవుతుంది. ముసురులో జరిగేది అదే. అన్వయంలో మాత్రం చిన్న లోటు. "పూయ" తర్వాత "మెరుపు పోవ" వచ్చింది కాబట్టి మీరు ఉరుముతుండగానే పూసినట్టుంది. మూడో పాదం ఇట్లా మారిస్తే?

మరల పూయ నెంచి మబ్బు వీడగ జూడ

తుంగభద్ర తీరం, అలంపురం:
మార్చేశా అక్కా. నాదానికన్నా ఇదే మంచిగుంది.

నిర్వాహకుడు:
ఒక హెచ్చరిక: అక్రిలిక్ రంగు మీద లాకర్‌ను బ్రష్‌తో ఈడిస్తే అడుగు రంగు కరిగి బ్రష్‌తో పాటు లేచొస్తుంది. పనికిరాని ప్లాస్టిక్ ముక్క మీద పరీక్షించాకే మోడల్ ముట్టుకోండి. ఈ వారం మొదటి పూరణ వనపర్తి అక్కది. వచ్చే వారం సమస్య, ఇదీ ఆటవెలది నాలుగో పాదమే:

నీరు కలుప పూత నిగ్గు దేలె

మర్రిగూడ మోడలర్:
సార్, మా బోరు నీళ్లు కలిపితే నిగ్గు తేలదు, ఉప్పు తేలుతుంది!

నిర్వాహకుడు:
బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ కొనుక్కో తమ్మీ. నీ అభ్యంతరాన్ని పద్యంలో పెడితే ఇంకా మంచిది.