అప్‌డేట్: ఆ 24 కిలోమీటర్ల కొండ నడక అయిపోయింది

ఒక్కరోజులో 24 కిలోమీటర్లు, అందులో 1,200 మీటర్ల ఎత్తు ఎక్కడం నావల్ల అవుతుందా అని ఇంతకుముందు ఇక్కడ అడిగితే మీరు సలహాలిచ్చారు కదా, అయింది. కొండ నడకకు ఎంతసేపు పడుతుందో అంచనా వేసే 1892 నాటి నైస్మిత్ లెక్క (గంటకు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట) ప్రకారం ఏడు గంటలు చాలు. నాకు తొమ్మిదిన్నర పట్టింది. ఆ లెక్కలో మధ్యమధ్య ఆగడం, ఫొటోలు తీసుకోవడం ఉండవు మరి!

తెల్లారకముందే బయల్దేరమన్నవాళ్లకు దండం. పైకి చేరేసరికి లోయంతా మబ్బు, మా కాళ్ల కిందే. అవతలి కొండల కొసలు మాత్రం తేలుతున్నట్టు కనిపించాయి.

ఎక్కడం కన్నా దిగడమే చంపింది. దిగేముందు బూట్ల లేసులు బిగించమన్న సలహా మరిచిపోయాను. వేళ్లు బూటు ముందుకు గుద్దుకుని బొటనవేలి గోరు నల్లబడింది. సగం దారిలో కూర్చుని చీలమండ దగ్గర లేసులు గట్టిగా కట్టాక గానీ నడక సాగలేదు. మూడు లీటర్ల నీళ్లలో చివరికి మిగిలింది రెండు గుక్కలే.