ఆశయాన్ని గోడ మీద రాయాలా, వాటాల ఒప్పందంలో రాయాలా?

ప్రశ్న: మేము ముగ్గురం కలిసి వినికిడి యంత్రాలను మరమ్మతు చేసే చిన్న సంస్థను నడుపుతున్నాము. పాతది బాగుపడేదైతే కొత్తది అంటగట్టకూడదన్నది మా నియమం. ఇప్పుడు పెట్టుబడి పెడతామని ఒకరు పంపిన ముసాయిదాలో వృద్ధి లక్ష్యాలకు నాలుగు పేజీలు ఉన్నాయి గాని, మరమ్మతు అనే మాట ఒక్కచోట కూడా లేదు. సంతకం చేయవచ్చా?

జవాబు 1: ఓటు హక్కు ఎవరి చేతిలో ఉంటుందో ముందు చూడండి. 2022లో అమెరికా దుస్తుల సంస్థ పటగోనియా వ్యవస్థాపకుడి కుటుంబం ఓటు హక్కు గల 2 శాతం వాటాను ఒక ట్రస్టుకు, ఓటు హక్కు లేని 98 శాతాన్ని పర్యావరణం కోసం పనిచేసే సంస్థకు అప్పగించింది. అందువల్ల వ్యాపారానికి అవసరమైనది పోగా మిగిలిన లాభం ఆ రెండో సంస్థకు చేరుతుంది గాని, ఆశయాన్ని మార్చే అధికారం దానికి ఉండదు. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. జర్మనీలో కటకాలు, సూక్ష్మదర్శినులు తయారుచేసే జైస్ సంస్థ యజమానుల్లో ఒకరైన ఎర్న్‌స్ట్ అబ్బే 1889లోనే కార్ల్ జైస్ ఫౌండేషన్‌ను స్థాపించి, తరువాత ఆ సంస్థలోని తన వాటాలను దానికి ధారపోశారు.

జవాబు 2: నియమావళిలో రాసుకున్నా పూర్తి భరోసా లేదండి. ఫ్రాన్సులో ఆహార పదార్థాల సంస్థ డానోన్ 2020లో వాటాదారుల ఆమోదంతోనే ఆశయ సంస్థగా, అంటే లాభంతో పాటు సామాజిక, పర్యావరణ లక్ష్యాలను నియమావళిలోనే రాసుకున్న సంస్థగా మారింది. మరుసటి సంవత్సరమే, షేరు ధర పట్ల అసంతృప్తితో ఉన్న కొందరు పెట్టుబడిదారుల ఒత్తిడి నడుమ, ఆ మార్పును నడిపించిన అధిపతి పదవి కోల్పోయారు. అన్నట్టు, ఆశయం పేరు చెప్పి జీతాలు తగ్గించే సంస్థలో నేను మూడేళ్ళు పనిచేశాను; మీ సిబ్బందికి ఆ గతి పట్టనివ్వకండి.

ప్రశ్న అడిగినవారు: మరమ్మతు నియమాన్ని మార్చాలంటే మా ముగ్గురి సమ్మతి తప్పనిసరి అనే షరతును చేర్చి, ముసాయిదాను తిప్పి పంపుతున్నాము.