రిపోర్టులన్నీ నార్మల్, ఒళ్ళంతా నొప్పులు. మీలో ఎవరికైనా ఇలా ఉందా?

హన్మకొండ హాస్టల్
అందరికీ నమస్తే. నాకు 23 ఏళ్ళు. ఊరు నర్సంపేట దగ్గర. ఇప్పుడు హన్మకొండలో హాస్టల్‌లో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్నా. ఏడాది దాటింది, ఒంట్లో ఎక్కడో ఒక చోట నొప్పి లేని వారం లేదు. ఒకసారి మోకాళ్ళు, అవి తగ్గేసరికి మణికట్లు, మధ్యలో భుజాలు. కొన్నాళ్ళు బాగానే ఉంటా, మళ్ళీ మొదలవుతుంది. దెబ్బ తగల్లేదు, బరువులు మోసింది లేదు. రక్తం, షుగర్, యూరిక్ యాసిడ్, మోకాలి ఎక్స్‌రే చేయించాం. అన్నీ నార్మల్. కాల్షియం గోలీలు రాసి, టెన్షన్ తగ్గించుకోమన్నారు. ఇంట్లో ఏమో "మేం ఈ వయసులో నాట్లేసి, ఇంటికొచ్చి వండేటోళ్ళం, కూర్చొని చదువుకునే నీకు నొప్పులేంది" అంటారు. బాపు ఏమీ అనడు, కానీ మళ్ళీ టెస్టులంటే పైసలు అడగాలంటే నాకే ప్రాణం ఒప్పట్లేదు. నేను నటించట్లేదు. ఇలాంటిది ఉండి, చివరికి ఏమని తేలిందో చెప్పేవాళ్ళు ఉంటే చెప్పండి.

కాజీపేట జంక్షన్
డి విటమిన్ చూపించుకున్నావా చెల్లె? నాకు తొడలు, పిక్కలు ఒకటే సలుపు. మెట్లెక్కాలంటే రెయిలింగ్ పట్టుకునేవాణ్ణి. మామూలు రక్త పరీక్షలో డి విటమిన్ ఉండదు, విడిగా రాయించుకోవాలి. రిపోర్టులో 20 (ఎంఎల్‌కు నానోగ్రాములు) కంటే తక్కువ ఉంటే లోపం కిందే లెక్క, నాది చాలా కిందికి ఉండె. 60,000 యూనిట్ల సాషే వారానికొకటి వాడాక మనిషినయ్యా. హాస్టల్, లైబ్రరీ, రూము అని తిరిగేవాళ్ళకు ఎండ ఎక్కడ తగుల్తది?

స్టాఫ్ నర్సు
ఆ సాషే గురించి ఒక మాట. అది వారానికి ఒక్కటే. రోజూ వేసుకొని రక్తంలో కాల్షియం పెరిగి, వాంతులతో, విపరీతమైన దాహంతో అడ్మిట్ అయినవాళ్ళను చూశాను. డాక్టర్ చెప్పిన వారాలు కాగానే ఆపాలి. పాలతోనో, అన్నం తిన్నాకో వేసుకుంటే ఒంటికి పడుతుంది. ఎండ సంగతికొస్తే, పొద్దున ఏడింటి లేత ఎండతో పెద్దగా లాభం లేదు. మన నీడ మనకంటే పొట్టిగా ఉండే వేళ చేతులకు, కాళ్ళకు కాసేపు తగిలితే చాలు. డి తో పాటు బి12, థైరాయిడ్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) కూడా చూడాలి. థైరాయిడ్ మందగించినా కండరాలు పట్టేస్తాయి. ప్రభుత్వ ఆసుపత్రిలో, పీహెచ్‌సీలో శాంపిల్ ఇస్తే తెలంగాణ డయాగ్నస్టిక్స్‌లో థైరాయిడ్ లాంటివి ఉచితంగానే చేస్తారు. పైసలు అడగలేక ఆగిపోవద్దు తల్లీ.

వడ్డేపల్లి కట్ట
డి విటమిన్ తక్కువున్న వాళ్ళు మన దగ్గర చాలామంది. అందుకని నొప్పులన్నీ దానివల్లే అనుకోవద్దు. నాకూ తక్కువే ఉండె, సాషేలు వాడి నార్మల్‌కు వచ్చినా నొప్పి పోలేదు.

నా సంగతి వివరంగా రాస్తా, ఎవరికన్నా పనికొస్తుంది. ఇరవై రెండేళ్ళప్పుడు మొదలైంది. నడుం కింద, పిర్రల లోపల ఎక్కడో. ఒకసారి కుడి, ఒకసారి ఎడమ. తెల్లవారుజామున మూడు, నాలుగింటికి నొప్పితో మెలకువ వచ్చేది. పక్క మీద నుంచి తిన్నగా లేవలేక, పక్కకు దొర్లి మంచం పట్టె పట్టుకొని లేచేవాణ్ణి. అదే వడ్డేపల్లి చెరువు కట్ట మీద ఒక చుట్టు నడిస్తే వదిలేది. సెలవు దినం పడుకొని రెస్ట్ తీసుకుంటే ఇంకా పెరిగేది. డిస్క్ అన్నారు, బెల్టు పెట్టమన్నారు, బెడ్ రెస్ట్ అన్నారు. నడుం ఎమ్మారై నార్మల్ వచ్చింది.

అసలు విషయం కంటి డాక్టర్ దగ్గర బయటపడింది. కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక పోతే, ఆమె కన్ను చూసి "పొద్దున లేవగానే నడుం పట్టేస్తుందా బాబూ?" అని అడిగింది. కంటికి, నడుముకు సంబంధం ఏందని నేను బిత్తరపోయా. ఆమే కీళ్ళ వాతం డాక్టర్ దగ్గరికి, అంటే రుమటాలజిస్ట్ దగ్గరికి పంపింది. నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. అక్కడ నడుముకు కాదు, దాని కింద వెన్ను, తుంటి ఎముకలు కలిసే సాక్రోఇలియాక్ కీళ్ళకు ఎమ్మారై తీయించారు. వాపు కనిపించింది. ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్, అంటే వెన్నుకు వచ్చే కీళ్ళ వాతం అన్నారు. ఇరవైల్లోనే ఎక్కువగా మొదలయ్యే జబ్బు ఇది. తొలి ఏళ్ళలో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, ఒంట్లో వాపును చూపే రక్త పరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్‌పీ కూడా నార్మల్ ఉండొచ్చు. హెచ్‌ఎల్‌ఏ బి27 అనే జన్యువు కోసం ఒక రక్త పరీక్ష ఉంది. అది పాజిటివ్ వచ్చిన వాళ్ళందరికీ జబ్బు ఉండదు, నెగటివ్ అయినంత మాత్రాన లేదనీ కాదు.

ఇప్పుడు మందులు వాడుతున్నా, రోజూ వ్యాయామం చేస్తున్నా. సిగరెట్ మానేశా, అది ఈ జబ్బును ముదరబెడుతుంది. నీ నొప్పి కదిలితే తగ్గుతుందా, కూర్చుంటే తగ్గుతుందా? అది గమనించు చెల్లె. నన్ను మొదట్లోనే ఎవరన్నా ఆ ఒక్క ముక్క అడిగి ఉంటే ఇన్నేళ్ళు పోయేవి కావు.

పరకాల పత్తిచేను
ఏడాది కింద జ్వరం ఏమన్నా వచ్చిందా? మాకు వానాకాలంలో ఇంటిల్లిపాదికీ చికున్‌గున్యా వచ్చింది. జ్వరం వారంలో పోయింది కానీ మా తమ్ముడికి చీలమండలు, వేళ్ళు నెలల తరబడి పట్టుకునే ఉన్నాయి. వాడికి 20 ఏళ్ళే. మెల్లమెల్లగా తగ్గాయి.

హన్మకొండ హాస్టల్
పెద్ద జ్వరం ఏమీ రాలేదన్నా. సాయంత్రం ఒళ్ళు వెచ్చగా అనిపిస్తుంది కానీ థర్మామీటర్ పెట్టి చూడలేదు.

మందుల షాపు, జమ్మికుంట
ఇరవై ఏళ్ళుగా కౌంటర్‌లో ఉన్నాను కాబట్టి చెప్తున్నా. నొప్పులతో తిరిగి తిరిగి విసిగినవాళ్ళు చివరికి ఊళ్ళో సూది వేయించుకుంటారు, లేదా పొట్లం గోలీలు తెచ్చుకుంటారు. రెండు రోజుల్లో మంత్రం వేసినట్టు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, ముఖం నిండుగా అవుతుంది. "ఒళ్ళు చేసింది" అని ఇంట్లో సంబరపడతారు. అది చాలాసార్లు స్టెరాయిడ్. నెలల తరబడి వాడితే షుగర్ వస్తుంది, ఎముకలు గుల్లబారతాయి, తుంటి ఎముకకు రక్తం అందక అది దెబ్బతింటుంది. ఇరవై ఆరేళ్ళ పిల్లగాడు తుంటి పోయి కుంటుకుంటూ షాపు మెట్లు ఎక్కుతుంటే నాకు అన్నం సయించలేదు.

ఇంకో ముఖ్యమైన మాట. ఇప్పటికే అలాంటివి చాన్నాళ్ళుగా వాడుతున్నవాళ్ళు ఇది చదివి భయంతో ఒక్కసారే ఆపొద్దు. అది ప్రమాదం. డాక్టర్ చెప్పినట్టు కొంచెం కొంచెం తగ్గించాలి. డైక్లోఫెనాక్ లాంటి మామూలు నొప్పి గోలీలు కూడా రోజూ మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పాడవుతాయి. చీటీ మీద పేరు రాయని మందు ఏదైనా సరే, వేసుకోవద్దు.

సిరిసిల్ల బిడ్డ
మందుల గురించి నాకు తెలియదు, పని గురించి చెప్తా. మా అమ్మ బీడీలు చేస్తది, నేనూ పదో తరగతి నుంచి డిగ్రీ దాకా చేశా. చాట ఒళ్ళో పెట్టుకొని, కింద కూర్చొని, తునికాకు కత్తెరతో కత్తిరించి, తంబాకు పోసి, వేళ్ళతో చుట్టి దారం కట్టాలి. తల ఎత్తకుండా గంటలకు గంటలు. వెయ్యి బీడీలు అయ్యేసరికి మెడ వెనుక నుంచి రెక్క దాకా ఒకటే గుంజుడు, బొటనవేలు అయితే ముడవరాదు. నువ్వు చదివేటప్పుడు కింద కూర్చొని పుస్తకం ఒళ్ళో పెట్టుకుంటవా అక్కా? నేను గోడకు ఆనుకొని, చాట కింద పీట పెట్టి ఎత్తు చేసుకున్నా, బీడీల కట్ట అయినప్పుడల్లా లేచి నాలుగు అడుగులు వేసేదాన్ని. సగం నొప్పి దానికే పోయింది.

మానేరు గట్టు
కరీంనగర్. 29. నాది ఫైబ్రోమయాల్జియా అని తేలింది. నాకూ రిపోర్టులన్నీ నార్మలే, ఎందుకంటే ఈ జబ్బు రక్తంలోనో ఎక్స్‌రేలోనో కనిపించదు. మూడు నెలలకు మించి ఒళ్ళంతా నొప్పి, ఎనిమిది గంటలు పడుకున్నా నిద్రపోయినట్టే ఉండకపోవడం, చదివింది తలకెక్కకపోవడం, పాప వచ్చి మెడ చుట్టూ చేతులు వేస్తే కూడా నొప్పెట్టడం. డాక్టర్ మిగతావి ఏవీ కాదని చూసుకొని, నేను చెప్పింది పూర్తిగా విని ఆ పేరు చెప్పారు. కీలు పాడైనందుకు కాదు, నొప్పిని మోసే నరాలూ మెదడూ మరీ చురుగ్గా ఉన్నందుకు వచ్చే నొప్పి అని వివరించారు.

చిన్న డోసులో రాత్రిపూట ఒక మందు రాశారు. మా అత్తమ్మ ఆ చీటీ ఎవరికో చూపించి "ఇవి మెంటల్ గోలీలట" అని ఏడ్చింది. డిప్రెషన్‌కు వాడే మందుల్లో కొన్ని నరాల నొప్పిని తగ్గించడానికి కూడా వాడతారు. ఇంట్లోవాళ్ళను ఒకసారి డాక్టర్ దగ్గరికి వెంట తీసుకుపోతే మంచిది, మనం చెప్తే వినని మాట ఆయన చెప్తే వింటారు. మందు కంటే నాకు ఎక్కువ పని చేసింది నడక. మొదట వీధి చివరి దాకా, తర్వాత కొంచెం కొంచెం పెంచుకుంటూ. బాగున్న రోజు ఇంటి పనంతా మీదేసుకుంటే తర్వాత మంచం పట్టేదాన్ని, కాబట్టి బాగున్న రోజు కూడా అంతే నడుస్తా.

టెన్షన్ వల్ల నొప్పి పెరుగుతుంది, నిజమే. కానీ పెరుగుతుంది అంటే ఉత్తదని కాదు. నువ్వు నటించట్లేదని ఇక్కడ మాకందరికీ తెలుసు.

ఉట్నూరు టీచర్
ఈ చర్చలో ఇంతవరకు రాని సంగతి ఒకటి. మా ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు, ఇటు ములుగు, భద్రాచలం వైపు ఎవరికైనా చిన్నప్పటి నుంచి ఇలా విడతలు విడతలుగా నొప్పులు వస్తుంటే సికిల్ సెల్ పరీక్ష తప్పక చేయించాలి. గోండు, కోయ కుటుంబాల్లో ఎక్కువగా చూస్తాం, గిరిజనేతరుల్లోనూ ఉంటుంది. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నని నాళాల్లో అడ్డుపడతాయి, అప్పుడు కాళ్ళు, చేతులు, వీపు, ఛాతీ ఎముకల లోపల నుంచి నొప్పి. నీళ్ళు తక్కువ తాగినా, చలికి తడిసినా, జ్వరం వచ్చినా, ఆటల్లో అలిసిపోయినా మొదలవుతుంది. నాలుగు రోజుల్లో తగ్గి మళ్ళీ మామూలైపోతారు కాబట్టి బడి ఎగ్గొట్టడానికి అనుకుంటారు.

నా దగ్గర చదివిన అబ్బాయి ఒకడు డిగ్రీకి హన్మకొండ వచ్చాడు. కళ్ళు ఎప్పుడూ కొంచెం పచ్చగా ఉండేవి. రక్తం తక్కువుందని ఏళ్ళ తరబడి ఐరన్ గోలీలే ఇచ్చారు. చివరికి రక్తంలో ఏ రకం హిమోగ్లోబిన్ ఉందో చూసే హిమోగ్లోబిన్ హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో తేలింది. హైడ్రాక్సీయూరియా అనే మందు మొదలుపెట్టాక నొప్పులు రావడం బాగా తగ్గింది. 2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, 40 ఏళ్ళ లోపు వాళ్ళకు స్క్రీనింగ్ చేస్తారు. తల్లిదండ్రులిద్దరూ జబ్బు లేకున్నా ఆ జన్యువును మోసేవాళ్ళయితే పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే అవకాశం ఉంది. పెళ్ళి సంబంధాలు చూసేవాళ్ళు కూడా ఈ పరీక్ష చేయించుకుంటే ఎంత కష్టం తప్పుతుందో!

హన్మకొండ హాస్టల్
టీచర్ గారూ, మా ఇంట్లో అలాంటిది ఎవరికీ లేదు, నాకు కూడా చిన్నప్పుడు ఏమీ లేదు. వడ్డేపల్లి అన్నా, మీరడిగింది ఈ వారం అంతా గమనించి రాసుకున్నా. పొద్దున లేవగానే వేళ్ళు బిగుసుకుపోయి ఉంటున్నాయి. జడ వేసుకోవాలంటే రబ్బరు బ్యాండ్ తిప్పడానికి రాదు, టూత్‌పేస్ట్ మూత కూడా తోటి అమ్మాయే తీసిచ్చింది. తొమ్మిది, తొమ్మిదిన్నరకు కానీ సడలవు. రెండు చేతులకూ ఒకేలా.

స్టాఫ్ నర్సు
రాసుకోవడం మంచి పని చేశావు. ఇంకొన్ని అడుగుతా, దాచకుండా చెప్పు. ఎండలోకి పోయి వస్తే ముఖం మీద, బుగ్గల మీద ఎర్రగా దద్దు వస్తుందా? నోట్లో పుండ్లు? జుట్టు ఊడుతుందా? బరువు తగ్గావా? కాళ్ళకు, ముఖానికి నీరు వస్తుందా?

హన్మకొండ హాస్టల్
జుట్టు బాగా ఊడుతుంది, హాస్టల్ నీళ్ళ వల్ల అనుకున్నా. అంగట్లో నోరు పూసిందని రైబోఫ్లేవిన్ గోలీలు ఇస్తే రెండు మూడుసార్లు వాడా. బతుకమ్మ అప్పుడు పొద్దంతా పూలకు తిరిగితే బుగ్గలు మండి ఎర్రబడ్డాయి, చాలా రోజులు పోలేదు. కాళ్ళకు నీరు లేదు. బరువు కొంచెం తగ్గా. ఇవన్నీ ఒకటేనా అక్కా? భయమేస్తుంది.

స్టాఫ్ నర్సు
ఒకటే కావచ్చు, వేర్వేరు కావచ్చు. పేరు పెట్టే పని డాక్టర్‌ది, నాది కాదు. కానీ ఇన్నాళ్ళూ నువ్వు నొప్పి ఒక డాక్టర్‌కు, నోటి పుండ్లు మందుల షాపులో చెప్పావు, జుట్టు నీళ్ళ వల్లే అనుకొని ఊరుకున్నావు. ఇవన్నీ కలిపి ఒకే డాక్టర్ ముందు పెట్టాలి. ఆడపిల్లల్లో ఈ వయసులో కీళ్ళ వాతం గానీ, లూపస్ (ఒంట్లోని రక్షణ వ్యవస్థే ఒంటి మీద దాడి చేసే జబ్బు) గానీ మొదలయ్యే అవకాశం ఉంది కాబట్టి రక్త పరీక్షలు ఏఎన్ఏ, ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, సీబీపీ, సీఆర్‌పీ చూడాల్సిన అవసరం ఉందా అని అడుగు. వీటికి మంచి మందులున్నాయి తల్లీ, తొందరగా మొదలుపెడితే చదువు, ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు దేనికీ అడ్డు రాకుండా చూసుకోవచ్చు.

ఇది చదివే మిగతావాళ్ళకు కూడా: నొప్పితో పాటు కాళ్ళు చచ్చుబడినా, మూత్రం మీద అదుపు తప్పినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా ఓపీ కోసం ఆగకుండా అదే రోజు ఎమర్జెన్సీకి పోవాలి. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, వెన్నులో ఒకే చోట నొప్పి ఉంటే టీబీ కూడా చూడాలి.

వడ్డేపల్లి కట్ట
దద్దు, వాపు వచ్చిన రోజే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకో చెల్లె. డాక్టర్ దగ్గరికి పోయిన రోజు అవి ఉండవు, మనం చెప్పేది నమ్మరేమో అని మనకే అనుమానం వస్తుంది.

హన్మకొండ హాస్టల్
సోమవారం వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి జనరల్ మెడిసిన్ ఓపీకి పోతున్నా. బాపుకు ఫోన్ చేసి మీరు రాసినవన్నీ చదివి వినిపించా. పొద్దున బస్సుకు తనే వస్తానన్నాడు. పాత రిపోర్టులన్నీ తీసి పెట్టుకున్నా. ఇంకేమన్నా అడగాల్సింది ఉందా అక్కా?

స్టాఫ్ నర్సు
మూత్ర పరీక్ష కూడా రాయమని అడుగు. లూపస్ అయితే కిడ్నీ మీద ప్రభావం బయటికి కనిపించకముందే మూత్రంలో ప్రోటీన్ పోతుంది. అప్పటిదాకా నొప్పి గోలీలు సొంతంగా వేసుకోకు, మరీ ఓర్వలేకపోతే పారాసిటమాల్ ఒకటి వేసుకో. ఎండలో పోతే చున్నీ ముఖానికి చుట్టుకో. రిజల్ట్ రాగానే ఇక్కడ రాయి.

ఉట్నూరు టీచర్
మేమంతా చూస్తుంటాం తల్లీ. బాపు వస్తున్నాడు కదా, ఆయన్ను కూడా డాక్టర్ గది లోపలికి తీసుకుపో.