టైర్ పాలిష్ కొట్టించాలా, వద్దా? తిరుపతి, చిత్తూరు బండ్ల వాళ్లు చెప్పండి

కొత్తబండి_తిరుచానూరు
అందరికీ నమస్కారం. మాది కొత్త కారు. కొన్న కొన్ని నెలలకే టైర్ల పక్కభాగం గోధుమ రంగుకి తిరిగింది. వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడల్లా అక్కడి కుర్రాడు అడక్కుండానే మెరిసే పాలిష్ కొట్టేస్తున్నాడు. చూడ్డానికి బాగుంది. మా మామగారు మాత్రం "రబ్బరు పాడవుతుంది, కొండెక్కే బండికి అసలే వద్దు" అంటున్నారు. మేం తరచూ తిరుమల వెళ్తుంటాం. కొట్టించాలా, మానాలా?

బుల్లెట్_చంద్రగిరి
కొట్టించండి అన్నా. టైరు నల్లగా ఉంటేనే బండికి కళ.

టైర్‌షాపు_చిత్తూరు
ముందు ఆ గోధుమ రంగు సంగతి. అది మురికి ఒక్కటే కాదు. ఎండకీ గాలిలోని ఓజోన్‌కీ రబ్బరు పగలకుండా కంపెనీ వాళ్లు తయారీలోనే ఒక రసాయనం, కొంత మైనం కలుపుతారు. బండి తిరిగేకొద్దీ అవి లోపలినుంచి పైకి వస్తుంటాయి. పైకొచ్చిన రసాయనం గాలి తగిలి గోధుమ రంగుకి మారుతుంది. అంటే టైరు తన పని తాను చేసుకుంటోందని అర్థం. మెత్తని షాంపూ నీళ్లు, నైలాన్ బ్రష్షు చాలు, ఆ పొర పోతుంది.

ఇక పాలిష్ రెండు రకాలు. నీళ్లలా పల్చగా, పాలలా తెల్లగా ఉండేది వాటర్ బేస్. అది ఆరాక పొడిగా, సహజమైన నలుపుతో ఉంటుంది. రెండోది జిడ్డుగా అద్దంలా మెరుస్తుంది. అందులో పెట్రోలియం సాల్వెంట్ ఉంటే కంపెనీ వాడు కలిపిన ఆ రక్షణనే కరిగించి లాగేస్తుంది. మొదటిది పక్కభాగం మీద మాత్రమే, స్పాంజితో రుద్ది, మిగిలింది గుడ్డతో తుడిచేయండి. రోడ్డుకి తగిలే భాగం మీద చుక్క కూడా పడకూడదు.

రేణిగుంట_ట్రావెల్స్
టైర్ షాపు అన్నకి నమస్కారం గానీ, తిరుపతిలో ఉన్నది ఎర్రమట్టి. కరకంబాడి రోడ్డులో ఒక్కసారి పోయొస్తే టైరే కాదు, మడ్‌గార్డు కూడా గోధుమ రంగే. దానికి రసాయనం, మైనం అని జనాన్ని ఎందుకు టెన్షన్ పెట్టడం? మా నాన్న జీపులు నడిపిన రోజుల నుంచీ డీజిల్‌లో గుడ్డ ముంచి తుడుస్తున్నాం. ఏ టైరూ పేలలేదు. ఎయిర్‌పోర్టులో దిగిన పార్టీ బండి చుట్టూ ఓసారి చూసిగానీ ఎక్కడు. టైరు తెల్లగా పాలిపోయినట్టు ఉంటే "వేరే బండి పంపించండి" అంటాడు. మాకు పాలిష్ సోకు కాదు, వ్యాపారం.

టైర్‌షాపు_చిత్తూరు
ఎర్రమట్టి నీళ్లకి పోతుంది కదన్నా. నీళ్లు కొట్టి ఆరాక కూడా ఉండే రంగు గురించి నేను చెప్పేది. షెడ్డులో నిలబెట్టిన బండికి కూడా వస్తుంది, అక్కడ మట్టి ఎక్కడిది?

డీజిల్ మాత్రం ఆపేయండి. రబ్బరు డీజిల్‌ని పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. ఓ ముక్క రబ్బరు డీజిల్ డబ్బాలో వేసి నాలుగు రోజులు ఆగి చూడండి, మీకే తెలుస్తుంది.

రేణిగుంట_ట్రావెల్స్
నేను టైర్లని డీజిల్‌లో నానబెట్టడం లేదన్నా, తుడుస్తున్నా. రెండూ ఒకటేనా? కరకంబాడి మట్టి ఎట్లుంటుందో చిత్తూరులో కూర్చుంటే తెలీదు.

గృహిణి_బైరాగిపట్టెడ
కొబ్బరినూనె రాస్తే సరిపోతుందని మా పక్కింటాయన అంటాడు. నిజమేనా?

టైర్‌షాపు_చిత్తూరు
వద్దమ్మా. సాయంత్రానికల్లా వీధిలోని దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

స్ప్లెండర్_పుత్తూరు
బైకు వాళ్లకి ఒక మాట. స్ప్రే డబ్బాతో టైరుకి కొడితే ఆ తుంపర డిస్క్ మీద పడుతుంది. తర్వాత బ్రేకు పట్టదు. మా ఫ్రెండు సర్వీసింగ్ నుంచి బయటికొస్తూ గేటు దగ్గరే ఆటోకి కొట్టేశాడు. బైకు టైరు మలుపులో అంచు దాకా వాలుతుంది, అంచున జిడ్డు ఉంటే జారిపోతాం. బైకు టైర్లకి ఏదీ వద్దు, సబ్బు నీళ్లు చాలు.

సెకండ్‌హ్యాండ్_బాధితుడు
నాకు పాలిష్ అనే మాట వింటేనే ఒళ్లు మండుతుంది. చిత్తూరులో ఒక ఏజెంటు దగ్గర పాత కారు తీసుకున్నా. నాలుగు టైర్లూ కాటుక పెట్టినట్టు నల్లగా ఉన్నాయి. "టైర్లు కొత్తవి సార్" అన్నాడు. ఇంటికొచ్చి బ్రష్షుతో కడిగితే పక్కభాగం అంతా సన్నని పగుళ్లు, వాటిలో జిడ్డు పేరుకుని ఉంది. గోరు పెడితే దిగుతోంది. ఫోన్ చేస్తే ఎత్తడు. నాలుగు టైర్లూ మార్చుకున్నా. ఆ డబ్బు ఎవరిస్తారు?

టైర్‌షాపు_చిత్తూరు
అన్నా, అందుకే టైరు రంగు చూడకూడదు, నంబరు చూడాలి. పక్కభాగం మీద డాట్ అని మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 3418 అని ఉంటే 2018లో 34వ వారం తయారైందని లెక్క. నాలుగు టైర్లవీ, స్టెప్నీదీ చూడాలి. ఆ వరుస ఒకవైపే ఉంటుంది, కొన్నిసార్లు లోపలివైపు వస్తుంది. వంగి చూడక తప్పదు.

రేణిగుంట_ట్రావెల్స్
ఒక ఏజెంటు మోసం చేశాడని పాలిష్‌ది తప్పా? తాలింపులో కారం ఎక్కువైతే మిరపకాయల్ని నిషేధిస్తామా? ఇక్కడ అందరూ లెక్చర్లే. రోజూ బండ్లు తిప్పేవాడు ఎవడైనా ఉన్నాడా ఈ చర్చలో?

ఘాట్_డ్రైవర్
నేనున్నా సార్. రోజూ తిప్పేవాడినే. ఇంతసేపూ చదివి ఊరుకుందామనుకున్నా, ఇక కుదరడం లేదు.

ఇంతకుముందు ఒక ట్రావెల్స్‌లో పనిచేశా. పేరు వద్దు. పొద్దున్నే బండి కడగాలి, పాలిష్ కొట్టాలి. పాలిష్ డబ్బా అయిపోతే అడిగిన పూటే కొనిచ్చేవాళ్లు. ముందు టైర్లు రెండూ గుండు అయ్యాయి, గాడిలో ఉండే అరుగుదల గుర్తు రబ్బరుతో సమానమైపోయింది, మార్చండి సార్ అని మొరపెట్టుకుంటే "ఈ సీజన్ కానీరా" అన్నారు. ఆ సీజన్ అయిపోయి వానలు మొదలయ్యాయి. దిగే దారి 1944 నాటి పాత ఘాట్ రోడ్డు, మలుపు మీద మలుపు. ఒక హెయిర్‌పిన్‌లో బ్రేకు వేస్తే బండి తిరగకుండా నేరుగా పోయి పిట్టగోడకి కొట్టింది. లోపల ఒక ముసలాయన, ఇద్దరు పిల్లలు. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. బంపరు, హెడ్‌లైటు ఖర్చు నా జీతంలో కోశారు. ఆరోజు కూడా ఆ టైర్లు పక్కనుంచి చూస్తే కొత్తవాటిలా మెరుస్తున్నాయి సార్.

పార్టీ పక్కనుంచి చూస్తాడు. రోడ్డు కిందినుంచి చూస్తుంది.

బుల్లెట్_చంద్రగిరి
అయ్యో.

రేణిగుంట_ట్రావెల్స్
తమ్ముడూ, నీకు జరిగింది అన్యాయమే. కానీ ఓనర్లందరినీ ఒకే గాటన కట్టకు. టైరు అరిగేది ఎవరి కాలి కింద? సెకండ్ గేరులో దిగమంటే థర్డ్‌లో దిగి మలుపు మలుపుకీ బ్రేకు తొక్కేవాళ్లు ఎంతమంది లేరు? మలుపులో వేగంగా తిప్పితే ముందు టైరు భుజాలు ముందే పోతాయి. దిగడానికి 40 నిమిషాలు పట్టాలని రూలు. సర్రున దిగేసి, అలిపిరికి ముందు చెట్టు కింద బండి ఆపుకుని ఫోను చూసుకుంటూ టైము గడిపేవాళ్లు మన డ్రైవర్లు కాదా? ఆ టైర్ల డబ్బు నేనెందుకు పెట్టాలి?

ఘాట్_డ్రైవర్
ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది సార్. ఇది పాలిష్ గొడవ కాదు, టైరు ఎవరు కొనాలన్న గొడవ.

సర్రున ఎందుకు దిగుతాం? కింద ఇంకో పార్టీ నిలబడి ఉందని మీ ఆఫీసు నుంచే ఫోను వస్తుంది. ట్రిప్పు తగ్గితే బేటా తగ్గుతుంది. తొందర పెట్టేది మీరు, టైరు అరిగితే తప్పు మాది. అదృష్టం ఉండి బ్రేకు పడితే సరి, లేకపోతే స్టీరింగు పట్టుకున్నవాడి మీదే కేసు. కారు టైరులో గాడి 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదని చట్టమే చెప్తోంది. దానికి డ్రైవరు, ఓనరు అని తేడా ఉందా?

రేణిగుంట_ట్రావెల్స్
కిస్తీలు, ఇన్సూరెన్సు, ట్యాక్సు కట్టేది నువ్వు కాదు. పార్టీ వంద తగ్గించమంటే తగ్గించి పంపేది కూడా నేనే. తగ్గించకపోతే పక్కవాడు తన్నుకుపోతాడు. నాలుగు బండ్లకి టైర్లు ఒకేసారి వస్తే ఎట్లా ఉంటుందో నీకు తెలుసా? టైర్లు మార్చనని నేను ఎప్పుడూ అనలేదు. చెప్పేవాడు చెప్పే పద్ధతిలో చెప్పాలి.

ఘాట్_డ్రైవర్
ఏ పద్ధతిలో చెప్పాలి సార్? డబ్బా అడిగినంత తేలిగ్గా టైరు అడగనివ్వండి, అంతే నేను కోరేది.

కొత్తబండి_తిరుచానూరు
పెద్దలు కోప్పడకండి. నా కారు సంగతి మాత్రం ఎవరైనా తేల్చండి.

టైర్‌షాపు_చిత్తూరు
మీది కొత్త బండి. జిడ్డు పాలిష్ వద్దని సర్వీసింగ్ వాడికి ముందే చెప్పండి, లేకపోతే నడిచేటప్పుడు ఎగిరి తలుపుల మీద కూడా చుక్కలు పడతాయి. వాటర్ బేస్ ఒక డబ్బా కొని మీరే పక్కభాగానికి రాసుకోండి, లేదా మానేయండి, టైరుకి ఏ నష్టమూ లేదు. మామగారి మాటలో సగం నిజం ఉంది.

రేణిగుంట అన్నా, మీతో ఇంకో మాట. మీ బండ్లలో ఎక్కువ కొండకి తిరిగేది ఏదో చెప్పండి. ముందు టైర్లని పక్కనుంచి కాదు, స్టీరింగు పూర్తిగా తిప్పి గాడి కనబడేలా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. లోపలి అంచు కూడా రావాలి.

రేణిగుంట_ట్రావెల్స్
ఫోటోలు ఎందుకన్నా. సోమవారం బండి ఖాళీ, చిత్తూరు తీసుకొస్తా, నువ్వే చూడు. మార్చమంటే ముందు రెండూ మారుస్తా. డీజిల్ సంగతి కూడా ఆలోచిస్తా. పాలిష్ మాత్రం మానను, అది ముందే చెప్తున్నా.

ఘాట్_డ్రైవర్
వెనకవి కూడా చూడమనండి అన్నా.