ఉత్తర సర్కార్లు కంపెనీ చేతికి వచ్చిన సంవత్సరం ఏది? పటంలో ఏం రాయాలి?

ప్రశ్న – పటంపని
ఈస్టిండియా కంపెనీ కాలపు కోస్తా పటం గీస్తున్నాను. ఒకచోట 1765, ఇంకోచోట 1766, మచిలీపట్నానికి 1759, గుంటూరుకు 1788 కనిపిస్తున్నాయి. కోస్తా అంతటికీ ఒకే రంగు వేసి 1765 అని రాస్తే సరిపోతుందా? ఢిల్లీ పాదుషా ఫర్మానా ఇచ్చాక మళ్లీ నిజాంతో ఒప్పందం ఎందుకు?

జవాబు – సర్కారుపద్దు
ఒకే రంగు వేయకండి, తప్పవుతుంది. సర్కార్లు (పన్ను వసూలు కోసం చేసిన విభాగాలు) అయిదు: శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగరం (కొండపల్లి), ముర్తజానగరం (గుంటూరు). 1765 ఆగస్టులో షా ఆలం ఇచ్చిన ఫర్మానా కాగితం మీది హక్కు మాత్రమే. నేల మీద అధికారం హైదరాబాదు నిజాం అయిన నిజాం అలీ ఖాన్‌ది. ఆయన సైన్యంతో దిగితే ఆ కాగితం అడ్డుకోలేదు. అందుకే దుబాసీ (కంపెనీ దుబాషీ) కాండ్రేగుల జోగిపంతులును మధ్యవర్తిగా పెట్టి, 1766 నవంబరు 12న హైదరాబాదులో ఒప్పందం చేసుకున్నారు. రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగరాలకు ఏటా 5 లక్షల రూపాయలు. శ్రీకాకుళం, గుంటూరు చేతికి వచ్చాక ఒక్కోదానికి 2 లక్షలు.

ఆ "చేతికి వచ్చాక" అన్న షరతును చాలామంది చూడకుండా వదిలేస్తారు. గుంటూరు నిజాం తమ్ముడు బసాలత్ జంగ్‌కు జీవితాంతం జాగీరు. ఆయన 1782లో పోయినా కంపెనీకి దక్కింది 1788లోనే. శ్రీకాకుళం వైపు కిమిడి (పర్లాకిమిడి) జమీందారు నారాయణదేవ్ ఎదురుతిరిగాడు. 1768లో జలుమూరు దగ్గర ఆయన్ని ఓడిస్తే తప్ప అక్కడ పని సాగలేదు.

జవాబు – కోటగోడ
1759 కూడా వదలకండి. 1753లో అప్పటి నిజాం సలాబత్ జంగ్ నాలుగు సర్కార్లను సైన్యం జీతాల కింద ఫ్రెంచి సేనాని బుస్సీకి రాసిచ్చాడు. ఫ్రెంచివాళ్ల పై సేనాని లాలీ బుస్సీని వెనక్కి పిలిపించాక, 1758లో విజయనగరం ఆనంద గజపతి విశాఖను ఫ్రెంచివాళ్ల నుంచి పట్టుకుని ఇంగ్లీషువాళ్లకు కబురు పంపాడు. క్లైవ్ బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డ్‌ను దాదాపు 500 మంది ఐరోపా సైనికులు, 2,000 మంది సిపాయిలతో పంపాడు.

డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తి యుద్ధం. అక్కడ ఫ్రెంచివాళ్లు పొరబడ్డ తీరు చూడండి. బెంగాల్ సిపాయిలు ఎర్ర కోట్లలో ఉన్నారు. ఫోర్డ్ తన ఐరోపా దళాన్ని ఏపుగా పెరిగిన చేను చాటున ఉంచాడు. ఎర్ర కోట్లవాళ్లే ఐరోపా సైనికులనుకుని ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్ తన బలమంతా వాళ్ల మీదకి నడిపాడు. సిపాయిలు చెదిరారు గానీ, చేను చాటు దళం పక్క నుంచి కాల్చేసరికి ఫ్రెంచి వరస విరిగిపోయింది.

మచిలీపట్నం కోట చుట్టూ చాలామేర బురదే. మందుగుండు అయిపోవస్తోంది, సలాబత్ జంగ్ సైన్యం దగ్గరికొస్తోంది. కాచుకుని కూర్చునే వ్యవధి లేక 1759 ఏప్రిల్ 7 రాత్రి దాడి చేశారు. నైరుతి బురదలోంచి కెప్టెన్ నాక్స్‌తో ఉత్తుత్తి దాడి చేయించి, అసలు దెబ్బ ఈశాన్యం బురుజు మీద కొట్టారు. మే నెలలో సలాబత్ జంగే మచిలీపట్నం, నిజాంపట్నం ప్రాంతాలను కంపెనీకి రాసిచ్చాడు. కాబట్టి ఆ ముక్కకు వేరే రంగు వేయండి.

పటంపని
గుంటూరు అంటే ఇప్పటి జిల్లా హద్దులే పెట్టవచ్చా?

జవాబు – సర్కారుపద్దు
పెట్టకండి. పల్నాడు సర్కార్లలోది కాదు, ఆర్కాటు నవాబుది. నెల్లూరులాగే 1801లో కలిసింది. భద్రాచలం తాలూకా నిజాం నుంచి 1860లో వచ్చింది, ముందు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి 1874లో గోదావరి జిల్లాలో చేరింది. ఇప్పటి జిల్లా గీతలు పక్కనపెట్టి, ముందు సర్కారు హద్దు గీసుకోండి. ఆపైన జమీందారీలు వేరు, కంపెనీ నేరుగా వసూలు చేసుకున్న హవేలీ భూములు వేరు అని చూపించండి. 1766 తర్వాత కూడా జమీందారీల్లో వసూలు రాజులదే, కంపెనీకి పేష్కష్ (ఏటా కట్టే కప్పం) మాత్రమే. ఆ బాకీల తగాదాతోనే 1794 జూలై 10న పద్మనాభం యుద్ధం జరిగి విజయనగరం రాజు విజయరామరాజు చనిపోయాడు. 1802 నుంచి శాశ్వత పరిష్కారం (శిస్తును ఎప్పటికీ మారకుండా ఖాయం చేసే పద్ధతి) వచ్చాక హవేలీ భూములను ముఠాలుగా, అంటే చిన్న ఎస్టేట్లుగా, చీల్చి వేలం వేశారు.