డిజైన్ క్లాస్ ఎలా చెప్తున్నారండీ?

చెన్నైలో ఒక ప్రైవేట్ కాలేజీలో మెకానికల్ చెప్తున్నాను. షాఫ్ట్ (మెషిన్‌లో తిరిగే ఇరుసు) డయామీటర్ కనుక్కోమంటే పిల్లలు ఫార్ములాలూ టేబుల్సూ ఉండే డేటాబుక్ తిరగేసి చకచకా చేసేస్తారు, అదే 20 లీటర్ల వాటర్ క్యాన్ మూడో అంతస్తుకి మోయడానికి ఏదైనా తయారుచెయ్యండి అంటే "గివెన్ డేటా ఏది సార్" అని నా మొహం చూస్తారు. ఇలాంటివి చెప్పడం నాకూ ఎవరూ నేర్పలేదు, ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1:
సార్, మొదటి రెండు వారాలు క్యాడ్ (కంప్యూటర్లో డిజైన్ గీసే సాఫ్ట్‌వేర్) ముట్టుకోనివ్వకండి, క్యాన్ వేసే అతని వెనకాలే మెట్లెక్కమనండి. నేను అలాగే పంపితే ఒక బ్యాచ్ వచ్చి "మేడం, బరువు కాదు, మలుపు దగ్గర భుజం మార్చుకోవడమే కష్టం అంట" అన్నారు, నాకు భలే సంతోషమేసింది. అదే వాళ్ళ గివెన్ డేటా! తర్వాత అట్టముక్కలతో మోడల్ చేయించండి, మోటార్లూ సెన్సార్లూ కావాలంటే రిచీ స్ట్రీట్ ఉండనే ఉంది.

జవాబు 2:
మార్కులు ఎలా వేస్తారన్నదే అసలు సంగతి అండీ. ఫైనల్ మోడల్‌కే వేస్తే ఎవడూ రిస్క్ తీసుకోడు, వదిలేసిన ఐడియాలు, ఎందుకు వదిలేశారో లాగ్‌బుక్‌లో రాయించి దానికీ వెయ్యండి. ఐఐటీ మద్రాస్‌లో 2008 నుంచి సెంటర్ ఫర్ ఇన్నోవేషన్ అని పిల్లలు సొంత ఐడియాలు తయారుచేసుకునే ల్యాబ్ నడుస్తోంది, స్టూడెంట్సే నడుపుతారు, వీలైతే ఒకసారి చూసి రండి.

ప్రశ్న అడిగినతను:
థాంక్స్ మేడం, థాంక్స్ అండీ. సోమవారం నేను కూడా పిల్లలతో మెట్లెక్కుతాను.